ఇంజినీర్ కావాలనుకుంది... పిల్లలకు ఐదంటే ఏంటో చూపించింది

మొన్న సంక్రాంతికి నరసరావుపేట వెళ్లినప్పుడు మా అక్క కూతురు నాకు వంద దాకా అంకెలు ఒప్పజెప్పింది. ఎల్‌కేజీ చదువుతోంది. ఇంగ్లిష్‌లో, ఊపిరి కూడా తీసుకోకుండా, చిన్న స్టేషన్లో ఆగని ఎక్స్‌ప్రెస్ రైలులా చెప్పుకుంటూ పోయింది. ఇంట్లో అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి చుట్టాలొచ్చారు, ఆరుగురు. వంటింట్లోంచి ఆరు గ్లాసులు పట్రామ్మా అన్నాను. చేతుల్లో పట్టినన్ని తెచ్చేసింది. ఇవి ఆరేనా అనడిగితే, ఆరే మావయ్యా అంది ధీమాగా. సరే, లెక్కపెట్టమన్నాను. వేలు ఇంకా మొదటి గ్లాసు మీదుండగానే నోరు మూడు దాటి వెళ్లిపోయింది.

నేను నవ్వలేదు. ఎందుకంటే బీటెక్ ఫైనలియర్‌లో నేను చేసిన ప్రాజెక్టుదీ ఇదే పరిస్థితి. చేతిరాత అంకెల్ని గుర్తుపట్టే ప్రోగ్రామ్ అది. మెషీన్ లెర్నింగ్ మొదలెట్టినవాళ్లు ముందుగా చేయి పెట్టేది ఎమ్‌నిస్ట్ డేటాసెట్ మీదే కదా. 28 పిక్సెళ్ల వెడల్పు, 28 పిక్సెళ్ల ఎత్తు ఉన్న చిన్న చిన్న బొమ్మలు. నేర్చుకోవడానికి 60,000, పరీక్షకి 10,000. మా ప్రోగ్రామ్ వందకి తొంభై ఏడెనిమిది కరెక్టుగా చెప్పేది. వైవాలో మంచి మార్కులే పడ్డాయి. కానీ దానికి 5 అనే గీత ఎలా ఉంటుందో తెలుసు తప్ప ఐదు గ్లాసులంటే ఎన్నో తెలీదు. ఐదు కన్నా ఆరు ఎక్కువని కూడా తెలీదు. దాని దృష్టిలో అవి పది డబ్బాల మీద అంటించిన పది పేర్లు, అంతే.

అంకెను గుర్తుపట్టడం వేరు, ఆ అంకె ఎంతో తెలియడం వేరు. ఈ తేడాని వందేళ్లకు పైగా క్రితమే పట్టుకుని, దాన్ని పూడ్చడానికి కర్రలూ పూసలూ పెట్టెలూ తయారుచేయించిన ఒకావిడ ఉంది. మీలో టెట్‌కీ డీఎస్సీకీ చదువుతున్నవాళ్లకి ఆవిడ పేరు బాగా తెలుసు, కాకపోతే బిట్టుగా తెలుసు. ఫ్రోబెల్ ఎదురుగా కిండర్‌గార్టెన్, మాంటిస్సోరి ఎదురుగా ఇంద్రియ శిక్షణ. జతపరచండి, ఒక మార్కు. ఆ ఒక్క మార్కు వెనక ఉన్న జీవితం ఇది. ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు చదవాల్సిన జీవితం అని నాకనిపిస్తుంది. ఎందుకో నేను చెప్పను, చదివితే మీకే తెలుస్తుంది.

లెక్కలంటే ఇష్టం

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియారవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టింది. నాన్న అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి. అమ్మ రెనిల్డె బాగా చదువుకున్న మనిషి, ఆడవాళ్లు పుస్తకం పట్టుకుంటే వింతగా చూసే రోజుల్లో. మరియాకి ఐదేళ్లప్పుడు నాన్న బదిలీ మీద కుటుంబం రోమ్‌కి చేరింది. ఆ పిల్లకి లెక్కలంటే ఇష్టం. పెద్దయ్యాక ఇంజినీర్ అవుతానంది. అమ్మాయిలు చదివితే టీచర్ ట్రైనింగ్ చదవాలని అందరూ అనుకునే కాలం. ఈమె మాత్రం 13 ఏళ్ల వయసులో అబ్బాయిలు చదివే టెక్నికల్ స్కూల్లో చేరింది.

టీచర్ తప్ప ఇంకేదైనా అవుతానని పట్టుబట్టిన అమ్మాయి పేరు మీద ఈరోజు ప్రపంచమంతా స్కూళ్లున్నాయి. విధి అంటే నాకు పెద్దగా నమ్మకం లేదు కానీ ఇలాంటివి చూసినప్పుడు కొంచెం సందేహమొస్తుంది.

టెక్నికల్ చదువు అయ్యేసరికి మనసు మారింది. ఇంజినీరింగ్ కాదు, డాక్టర్ అవుతానంది. నాన్నకి నచ్చలేదు. 1890లో రోమ్ యూనివర్సిటీలో ముందు సైన్సులో చేరి, ఆ దారిన మెడిసిన్‌లోకి వెళ్లింది. మగ విద్యార్థుల మధ్య ఒక అమ్మాయి శవాన్ని కోయడం మర్యాద కాదన్నారు కాబట్టి అందరూ వెళ్లిపోయాక సాయంత్రం పూట ఒక్కతే అనాటమీ గదిలో పని చేసుకునేది. దీపం, శవం, తను. 1896లో డాక్టర్ పట్టా చేతికొచ్చింది. ఇటలీలో మొట్టమొదటి మహిళా డాక్టర్ అని గైడ్లలో రాస్తుంటారు. అది తప్పు, ఆమెకన్నా ముందు కొందరున్నారు. తొలితరం వాళ్లలో ఒకరు అనండి, సరిపోతుంది. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహిళా సదస్సుకి ఇటలీ తరఫున వెళ్లి, ఒకే పనికి ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే జీతం ఇవ్వాలని మాట్లాడింది.

రొట్టె ముక్కలు ఏరుకున్న పిల్లలు

డాక్టర్‌గా ఆమెకి యూనివర్సిటీ మానసిక వైద్య విభాగంలో పని దొరికింది. అక్కడి పనిలో భాగంగా రోమ్‌లోని పిచ్చాసుపత్రులకి తిరిగేది. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల్ని కూడా అప్పట్లో పెద్దవాళ్లతో కలిపి అక్కడే పడేసేవాళ్లు. ఒకచోట ఆ పిల్లల్ని చూసుకునే ఆయా చీదరించుకుంటూ ఒక మాట చెప్పింది. భోజనం అవ్వగానే వీళ్లు నేలమీద పడ్డ రొట్టె ముక్కల కోసం పాకుతారు, అంత కక్కుర్తి అని. మాంటిస్సోరి గదంతా చూసింది. నాలుగు గోడలు. ఆడుకోవడానికి ఒక బొమ్మ లేదు, పట్టుకోవడానికి ఒక పుల్ల లేదు. ఆ పిల్లలకి ఆకలి కడుపులో కాదు, చేతుల్లో ఉందనిపించింది ఆమెకి. ఆ గదిలో చేత్తో పట్టుకోగలిగిన వస్తువులు ఆ రొట్టె ముక్కలొక్కటే.

ఇక్కడినుంచే ఆమె దారి మళ్లింది. ఫ్రాన్స్‌లో అంతకుముందు ఇతార్, సెగాన్ అనే ఇద్దరు డాక్టర్లు ఇలాంటి పిల్లలకి వస్తువుల ద్వారా నేర్పడానికి ప్రయత్నించారు. వాళ్ల పుస్తకాలు తెచ్చుకుని, పేజీ పేజీ చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకుంది. 1900లో రోమ్‌లో ఇలాంటి పిల్లల కోసం, వాళ్లకి నేర్పే టీచర్ల కోసం ఒక సంస్థ మొదలైతే దాని ఇద్దరు డైరెక్టర్లలో ఆమె ఒకరు. పగలంతా పిల్లలతో గడిపి, రాత్రి కూర్చుని చూసినవన్నీ రాసుకునేది. కొన్నాళ్లకి ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్ష రాసి పాసయ్యారు. ఊరంతా ఆశ్చర్యపోయింది. ఆమె బుర్రలో తిరిగిన ప్రశ్న వేరే. వీళ్లే పాసయ్యారంటే, అన్నీ బాగున్న పిల్లలు మామూలు బడుల్లో ఇంత తక్కువ దగ్గర ఎందుకు ఆగిపోతున్నారు?

ఆ సంస్థలో రెండో డైరెక్టర్ డాక్టర్ జుసెప్పె మాంటెసానో. ఇద్దరూ ప్రేమించుకున్నారు. 1898 మార్చి 31న వాళ్లకి కొడుకు పుట్టాడు, మారియో. పెళ్లి కాలేదు. పెళ్లి చేసుకుంటే ఆ రోజుల్లో ఆడమనిషి ఉద్యోగం ముగిసినట్టే. పెళ్లి లేకుండా బిడ్డను కన్నదని తెలిసినా ముగిసినట్టే. బిడ్డని రోమ్ బయట పల్లెలో వేరే కుటుంబం దగ్గర పెట్టారు. తల్లి అప్పుడప్పుడూ వెళ్లి చూసొచ్చేది, తను ఎవరో చెప్పకుండా. కొన్నేళ్లకి మాంటెసానో వేరే పెళ్లి చేసుకున్నాడు. ఆమె 1901లో ఆ సంస్థ వదిలేసింది. ఊరి పిల్లలందరికీ ఎలా నేర్పాలో వెతుక్కుంటూ తన పిల్లాడికి మాత్రం అక్షరం దిద్దించలేకపోయిన తల్లి. దీన్ని గొప్ప త్యాగం అని రాసే పుస్తకాలున్నాయి. నాకైతే అది త్యాగంలా కాదు, ఆ సమాజం బలవంతంగా వసూలు చేసిన జరిమానాలా కనిపిస్తుంది.

ఉద్యోగం వదిలేసి ఏం చేసిందంటారా? 31 ఏళ్ల వయసులో, చేతిలో డాక్టర్ పట్టా పెట్టుకుని, మళ్లీ యూనివర్సిటీలో స్టూడెంట్‌గా చేరింది. ఫిలాసఫీ, సైకాలజీ, ఆంత్రోపాలజీ. మన ఇళ్లల్లో అయితే ఇంకా చదువేంటి అని ఎన్ని మాటలు పడేదో ఊహించుకోండి.

గోడలు పాడుచేస్తున్నారని...

రోమ్‌లో సాన్ లోరెంజో అని కూలీల పేట ఉండేది. ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ అక్కడ పాత బిల్డింగుల్ని బాగుచేసి అద్దెకిచ్చింది. అమ్మానాన్నలు పనికి పోతే, బడికెళ్లే వయసు లేని పిల్లలు మెట్లెక్కి దిగుతూ గోడలు గీకుతూ ఉండేవాళ్లు. రిపేర్లకి పెట్టే ఖర్చుకన్నా వీళ్లందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టడం చవకని కంపెనీ లెక్కేసింది. దానికి మాంటిస్సోరిని పిలిచారు. డాక్టర్, లెక్చరర్ అయిన మనిషి మురికిపేటలో పసిపిల్లల గది చూసుకోవడమేంటని తోటివాళ్లు విస్తుపోయారు. ఆమె ఒప్పుకుంది. 1907 జనవరి 6న ఆ గది తెరిచారు. పేరు కాసా దెయి బంబీని, అంటే పిల్లల ఇల్లు. యాభై మందికి పైగా పిల్లలు. రెండు మూడేళ్ల నుంచి ఆరేడేళ్ల దాకా.

ఆమె అక్కడ పెద్దగా పాఠాలు చెప్పలేదు. చూసింది. ఒక మూడేళ్ల పిల్ల చెక్క దిమ్మలోని గుంటల్లో సరిపోయే కొయ్య ముక్కలు పెడుతోంది, తీస్తోంది, మళ్లీ పెడుతోంది. మాంటిస్సోరి పక్కన కూర్చుని లెక్కపెట్టడం మొదలెట్టింది. చుట్టూ పిల్లల చేత పాటలు పాడించింది. ఆ పిల్లని కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టారు. ఆ పిల్ల ముక్కల్ని ఒళ్లో పెట్టుకుని పని ఆపకుండా సాగించింది. నలభైసార్లకు పైగా చేసి, తనంతట తను ఆపి, నిద్ర లేచినట్టు చుట్టూ చూసి నవ్వింది. ఇంకోరోజు టీచర్ బీరువా తాళం వేయడం మర్చిపోయింది. తెల్లారి వచ్చేసరికి పిల్లలు తమకి కావాల్సిన సామాను తీసుకుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. టీచర్ దొంగతనం అనుకుంది. మాంటిస్సోరి మాత్రం బీరువాలు తీసేసి, పిల్లల చేతికందే ఎత్తులో అరలు పెట్టించింది.

ఇక అంకెలు. అసలు విషయానికొచ్చాం కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

ఐదు అంటే చివరి గ్లాసు పేరు కాదు

పసిపిల్లలకి లెక్క నేర్పాలంటే మనం ఏం చేస్తాం? ఐదు చింతపిక్కలు వరసగా పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అంటాం. పిల్ల కూడా అంటుంది. ఇప్పుడు ఐదు ఏవి అనడిగితే చివరి పిక్క మీద వేలు పెడుతుంది. తప్పు పిల్లది కాదు. కుక్క, పిల్లి, ఆవు అని ఒక్కోదానికీ ఒక్కో పేరు చెప్పినట్టే, వాటికీ మనం ఒక్కో పేరు చెప్పాం. ఐదు అనేది చివరి పిక్క పేరు కాదు, మొత్తం గుంపు పేరు అని ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

మాంటిస్సోరి దీనికి పది కర్రలు వాడింది. మొదటిది 10 సెంటీమీటర్లు, రెండోది 20, అలా పదోది మీటరు. ప్రతి 10 సెంటీమీటర్లకీ ఎరుపు, నీలం రంగులు మార్చి మార్చి వేశారు. ఐదో కర్ర మీద ఐదు పట్టీలుంటాయి, పిల్ల వేలితో ముట్టుకుంటూ లెక్కపెట్టొచ్చు. కానీ కర్ర ఒక్కటే. దాన్ని చేత్తో ఎత్తితే ఐదు మొత్తం ఒకేసారి చేతిలోకి వస్తుంది. ఆరో కర్ర దానికన్నా సరిగ్గా ఒక్క పట్టీ పొడుగు. పదోది మోయడానికి పసిపిల్ల రెండు చేతులూ చాపాలి. పది ఎంత పెద్దదో భుజాలకి తెలుస్తుంది. తొమ్మిదో కర్ర పక్కన ఒకటోది, ఎనిమిది పక్కన రెండు, ఏడు పక్కన మూడు, ఆరు పక్కన నాలుగు పెడితే అన్నీ పదోదానికి సమానం. ఐదు ఒంటరిగా మిగులుతుంది. దాన్ని పొడుగునా పక్కకి తిప్పి పెడితే రెండుసార్లకి పది. ఎవరూ కూడిక అనే మాట వాడలేదు, గుణకారం అసలే అనలేదు.

ఇదంతా అయ్యాకే రాసే అంకె. వడ్రంగులు ఉప్పుకాగితం అంటారే, ఆ గరుకు కాగితంతో అంకెలు కత్తిరించి నున్నటి అట్టల మీద అంటించింది. పిల్లలు రెండు వేళ్లతో రాసే దిశలోనే తడుముతారు. అంకె కంటికన్నా ముందు వేలికి గుర్తుంటుంది. పేరు చెప్పడం మూడు మెట్లలో, సెగాన్ దగ్గర నేర్చుకున్న పద్ధతి. ముందు టీచర్ చెబుతుంది, ఇది రెండు, ఇది మూడు అని. తర్వాత అడుగుతుంది, మూడు ఏది అని. చివరగా వేలు పెట్టి, ఇదేంటి అని. మధ్యలో పిల్ల తప్పు చెబితే? సరిదిద్దకూడదు, మళ్లీ మళ్లీ అడగకూడదు. నవ్వి, ఈరోజుకి చాలని పక్కన పెట్టేయాలి. తప్పు చెప్పిందంటే ఆ పిల్ల ఆ రోజు దానికి సిద్ధంగా లేదని అర్థం. మా చిన్నప్పటి ఎక్కాల పీరియడ్ గుర్తొచ్చి ఇక్కడ నేను కాసేపు చదవడం ఆపేశాను.

తర్వాత కదుళ్ల పెట్టె. నూలు వడికే కదురు ఆకారంలో ఉండే పుల్లలు, సరిగ్గా 45. పెట్టెకి పది గదులు, వాటి మీద 0 నుంచి 9 దాకా అంకెలు. కర్రల్లో పరిమాణం స్థిరం, అంకె వెతుక్కోవాలి. ఇక్కడ తలకిందులు. అంకె స్థిరం, దానికి సరిపడా విడి పుల్లలు పిల్లే పోగెయ్యాలి. 45 ఎందుకో మీకు తెలుసు, ఒకటి నుంచి తొమ్మిది దాకా కూడితే వచ్చేది అంతే. ఎక్కడైనా తప్పితే చివర్లో పుల్ల మిగులుతుంది, లేదా చాలదు. టీచర్ నోరు తెరవక్కర్లేదు. ప్రోగ్రామర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఎర్రర్ చెక్ సామాన్లోనే ఉంది.

మొదటి గది చూసి పిల్లలు ఆగిపోతారు. ఇందులో ఏం పెట్టాలి? సున్నా అంటే ఏమీ లేకపోవడం అని చెబితే వాళ్లకి తృప్తి ఉండదు. దానికామె ఒక ఆట ఆడేది. ఒక పిల్లాణ్ని పిలిచి, నా దగ్గరికి సున్నాసార్లు రా అనేది. వాడు పరిగెత్తుకొచ్చేవాడు. నువ్వు ఒకసారి వచ్చేశావు, నేను సున్నాసార్లు రమ్మన్నాను కదా అనేది. కొన్నాళ్లకి గుట్టు తెలిసిపోయి, పిలవగానే ఎవరూ కదలకుండా కూర్చుని పగలబడి నవ్వేవాళ్లట. ఇంకో ఆటలో చీటీలు తీయించేది. చీటీలో ఏ అంకె ఉంటే అన్ని వస్తువులు తెచ్చుకోవాలి. అందరూ బల్ల దగ్గరికి పోతుంటే సున్నా వచ్చిన పిల్ల చేతులు కట్టుకుని కూర్చోవాలి. కూర్చోవడం ఎంత కష్టమో వాళ్ల ముఖాల్లో కనిపించేదని ఆమె రాసుకుంది.

సైకాలజీ చదివేవాళ్ల కోసం ఒక మాట. ఇదంతా అయిన డెబ్భై ఏళ్లకి, 1978లో, గెల్మాన్, గాలిస్టెల్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కించడం వెనకున్న సూత్రాలు రాశారు. ఒక వస్తువుకి ఒకే అంకె చెప్పాలి. అంకెల వరస మారకూడదు. చివరగా చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది. మా మేనకోడలికి మొదటిదీ మూడోదీ లేవు, రెండోది మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఈ వరస సంగతి మన కళ్లాల్లో చూడొచ్చు. ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అని మొదలెడతారు. ఏడు అనడం ఇష్టం లేక కొందరు ఆరున్నొకటి అంటారు. పేర్లు మార్చినా లెక్క తప్పదు, వరస కదలదు కాబట్టి.

ఇంకోటి కూడా. తెలుగులో పదమూడు అంటే పది ముందు, మూడు తర్వాత, చెవికి వినపడుతూనే ఉంటుంది. ఇంగ్లిష్‌లో థర్టీన్ అంటే మూడే ముందొస్తుంది. పిల్లలు 13ని 31గా రాశారని టీచర్లు తిట్టేముందు ఇది ఒకసారి ఆలోచించాలి. మాంటిస్సోరి దీనికోసం 10 అని రాసిన పలకలు పెట్టి, ఆ సున్నా మీద 1 నుంచి 9 దాకా చెక్క అంకెలు జరిపించేది. సున్నా కింద దాక్కుని ఉంటుంది, పది పదిలాగే ఉంటుంది. మన పదకొండు, పన్నెండు కొంచెం తిరకాసే అనుకోండి, ఇరవై దాటాక మాత్రం అన్నీ సాఫీ. మాతృభాషలో ఇంత సుళువున్న దాన్ని వదిలేసి మూడేళ్ల పిల్లకి ముందు ఇంగ్లిష్‌లో వంద దాకా బట్టీ పట్టించడం ఏం తొందరో నాకర్థం కాదు.

పేరు, పొరపాట్లు

1909లో పద్ధతి మీద పుస్తకం రాసింది. 1912లో అది ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి అమెరికా ఊగిపోయింది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ దంపతులు మద్దతుగా నిలబడ్డారు. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్‌లో అద్దాల గోడలున్న క్లాసురూమ్ పెడితే జనం బయట నిలబడి చూశారు. ఆ మోజు త్వరగానే చల్లారింది. కిల్‌పాట్రిక్ అనే ప్రొఫెసర్ 1914లోనే గట్టిగా విమర్శించాడు. ఆమె తప్పు కూడా ఉంది. టీచర్లకి ట్రైనింగ్ తానే ఇవ్వాలి, సామాను తాను చెప్పినట్టే ఉండాలి అనేది. పద్ధతి చెడిపోతుందని భయం. ఆ భయంలో నిజముంది, కానీ ఒక మనిషి చేతుల్లోంచి మాత్రమే నడిచేది ఎంత దూరం నడుస్తుంది?

1912 చివర్లో అమ్మ చనిపోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకే 15 ఏళ్ల మారియో తల్లి దగ్గరికి వచ్చేశాడు. అప్పట్నుంచి చివరిదాకా ఆమె పక్కనే ఉన్నాడు, కాకపోతే లోకానికి మేనల్లుడనో పెంపుడు కొడుకనో చెప్పేవాళ్లు.

ఇంకో సంగతి దాచడం బాగుండదు. 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఆమె స్కూళ్లకి అండగా నిలబడితే ఆమె తీసుకుంది. పిల్లల స్వేచ్ఛ గురించి మాట్లాడే మనిషి నియంత డబ్బుతో పదేళ్లు స్కూళ్లు నడపడం ఏంటి? స్కూళ్లు బతకడం ముఖ్యం అనుకుని ఉంటుంది. 1934 వచ్చేసరికి ఇటలీలో ఆ స్కూళ్లు మూతపడ్డాయి, ఆమె దేశం వదిలింది. బార్సిలోనాలో ఉండగా 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం వచ్చింది. అక్కడినుంచీ వెళ్లిపోవాల్సి వచ్చి, చివరికి నెదర్లాండ్స్ చేరింది.

అడయార్‌లో తాటాకు పందిళ్లు

69 ఏళ్ల వయసులో, 1939లో, మద్రాస్ వచ్చింది. అప్పుడు మన గుంటూరు జిల్లా, అందులోని పల్నాడు, అంతా మద్రాస్ ప్రెసిడెన్సీనే. అడయార్ దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరుండేల్, అంటే కళాక్షేత్ర రుక్మిణీదేవి గారి భర్త, ఆమెని పిలిపించారు. కొన్ని నెలల కోర్సు చెప్పి వెళ్లిపోదామని వచ్చింది. తాటాకు పందిళ్ల కింద దేశం నలుమూలల నుంచి వచ్చిన సుమారు 300 మంది టీచర్లు కూర్చున్నారు. ఆమె ఇటాలియన్‌లో చెబుతుంటే మారియో వాక్యం వాక్యం ఇంగ్లిష్‌లోకి మార్చేవాడు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. బ్రిటిష్ ఇండియాలో ఉన్న ఇటాలియన్లంతా ఒక్క రాత్రిలో శత్రువులైపోయారు. మారియోని పట్టుకెళ్లి అహ్మద్‌నగర్ క్యాంపులో పెట్టారు. ఆమెని అడయార్ ఆవరణ దాటొద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకి డెబ్భై నిండాయి. ఆ పుట్టినరోజుకి వైస్రాయ్ నుంచి టెలిగ్రాం వచ్చింది, మీకు ఇవ్వగలిగిన మంచి కానుక మీ కొడుకే, అతణ్ని పంపిస్తున్నాం అని సారాంశం. నలభై రెండేళ్లుగా లోకం ముందు ఆమె నోటితో అనలేకపోయిన మాట ఒక ప్రభుత్వ తంతిలో టైపై వచ్చింది.

యుద్ధం అయ్యేదాకా ఇక్కడే ఉంది, రెండేళ్లు కొడైకెనాల్ కొండల్లో. ఇక్కడ వెయ్యి మందికి పైగా టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చింది. 1946లో యూరప్ వెళ్లి, మరుసటి ఏడాది మళ్లీ వచ్చి, 1949 దాకా తిరిగింది. అడయార్‌లో చల్లిన ఆ విత్తనాలే తర్వాత ఊరూరా పేరై మొలిచాయి. మన పక్కనే విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు 1955లో మొదలుపెట్టిన స్కూలు పేరు కూడా మాంటిస్సోరీనే. 1949, 1950, 1951లో నోబెల్ శాంతి బహుమతికి పేరు వెళ్లినా రాలేదు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌వైక్ అనే సముద్రతీర ఊళ్లో చనిపోయింది. మారియో పక్కనే ఉన్నాడు. యూరో రాకముందు ఇటలీ వెయ్యి లీరా నోటు మీద ఆమె బొమ్మ ఉండేది.

ఈ రంగంలోకి వద్దామనుకునేవాళ్లకి రెండు విషయాలు చెప్పాలి. మాంటిస్సోరి అనే మాట ఎవరి సొంతం కాదు. అమెరికాలో దీని మీద గొడవ జరిగితే అది అందరూ వాడుకునే మాటేనని 1967లో తేల్చారు. మన దగ్గరా బోర్డు మీద ఆ పేరుంటే లోపల ఆ పద్ధతి ఉన్నట్టు కాదు. ఉద్యోగానికి వెళ్లేముందు లోపల కర్రలున్నాయో, గోడకి చార్టులు మాత్రమే ఉన్నాయో చూసుకోండి. ఇక బీఎడ్ చేసి ఎస్జీటీ రాద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ప్రాథమిక తరగతులకి బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది, డీఎల్‌ఎడ్ ఉండాలి. కొత్త విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసుని ఒకే దశగా కలిపాక, పసిపిల్లల లెక్కలు తెలిసిన మనుషులకి పని పెరిగింది.

సంక్రాంతి అయ్యాక తిరిగి బయల్దేరేముందు పేపర్ గ్లాసులు పది, ఐస్‌క్రీమ్ పుల్లలు కొన్ని కొన్నాను. గ్లాసుల మీద స్కెచ్‌తో 0 నుంచి 9 దాకా రాసి, పుల్లలు 45 లెక్కపెట్టి మా మేనకోడలి ముందు పోశాను. సున్నా గ్లాసులో కూడా ఒకటి వేసింది, పాపం ఖాళీగా ఉందని. చివరికి తొమ్మిదో గ్లాసుకి ఒకటి తక్కువైంది. నా వైపు చూసింది. నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను. కాసేపు ఆలోచించి, అన్ని గ్లాసులూ నేలమీద బోర్లించేసి, మొదట్నుంచీ మొదలెట్టింది. ఈసారి నోరు నెమ్మదిగా కదులుతోంది, వేలుతో పాటే. బస్సుకి టైమవుతోందని మా అక్క కేకేసింది. నేను గుమ్మం దాటేసరికి అది ఆరో గ్లాసు దగ్గరుంది, తలెత్తి టాటా కూడా చెప్పలేదు.